ఎనిమిది రికార్డులు, ఎనిమిది చీరలు

ఎవరైనా నాలుగు వస్తువులు ముందర పెట్టుకుని ఇది మొదటిది, ఇది రెండోది, ఇది కడాది అని వరస కడుతుంటే నేను ఇప్పటికీ అక్కడ కూర్చోలేను. మామిడిపళ్ళయినా సరే, మంత్రులయినా సరే, లేచి బయటికి వచ్చేస్తాను. ఈ రోగం పుట్టుకతో వచ్చింది కాదు. ఎనభై రెండో సంవత్సరం అరవ లెక్కలో ఆడి నెల నుంచి మార్గళి దాకా, అంటే జూలై నుంచి సంక్రాంతి ముందు దాకా, ఆ ఆరు నెలల్లో అంటుకుంది. అంటించినవాడు మా బావ సుందరరాజులు. ఒళ్ళంతా పూసుకున్నవాణ్ణి మాత్రం నేనే.

మా ఊరు తిరుత్తణికి ఏడు మైళ్ళు. ఇంటింటికీ గుంట మగ్గం, నూలు చీరల నేత. మా బావది మద్రాసు పక్కన పట్టాభిరామ్. వాళ్ళ తాత కాలంలోనే మగ్గం వదిలేసి ఉద్యోగాల్లో పడ్డారు. బావ బి.కాం. చదివాడు. ఆ యేడు మా ఊరి నేతగాళ్ళ సొసైటీలో చీరలకు రకం కట్టే పని దొరికింది ఆయనకు. నేతగాళ్ళు తెచ్చిన కట్ట చూసి ఒకటో రకం, రెండో రకం, మూడు, నాలుగు అని చీటీ రాయాలి. వేరే ఇల్లు దొరికేదాకా అని మా అక్క కాంచనను వెంటబెట్టుకుని మా ఇంట్లోనే దిగాడు. ఒక చేతిలో రికార్డు ప్లేయరు, ఇంకో చేత్తో గుండెకు హత్తుకున్న గోతాం. గోతాంలో ఎనిమిది ఎల్పీ రికార్డులు. ట్రంకు పెట్టె మా అక్క మోసుకొచ్చింది.

"మద్రాసు మూర్ మార్కెట్లో ఒక్కోటి ఏరి కొన్నవి బామ్మర్దీ. తడి చెయ్యి తగల్నీయొద్దు" అన్నాడు నాతో. మా ఇంట్లో ఆయన పలికిన మొదటి మాట అదే. మా అమ్మ తిరుమలమ్మ నూలు పెట్టుకునే అలమరలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది.

ఆ రికార్డులన్నీ ఒకే బ్యాండువి. నలుగురు సీమదొరలు, భుజాల దాకా జుట్టు. బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాశానంటే ఎవడో ఒకడు "ఓ, వాళ్ళా, వాళ్ళ రికార్డుల్లో ఏది గొప్పది" అని మొదలుపెడతాడు. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక మా అమ్మ అట్టల మీది బొమ్మలను బట్టి వాటికి పేర్లు పెట్టింది. నిమ్మకాయ, మెట్లు, గొడుగు, గేటు, గద్ద, నీలం, అద్దం, కుర్చీ. తిట్టుకుంటూనే బావ కూడా ఆ పేర్లకే అలవాటు పడ్డాడు.

ఆదివారం వస్తే తిన్నె మీద చాప, చాప మీద ప్లేయరు, పక్కన నోటు పుస్తకం. గొంతుకు ఇన్ని, గిటారుకు ఇన్ని, డ్రమ్ములకు ఇన్ని అని పదికి మార్కులు వేసి ఎనిమిదిటికీ వరస రాసేవాడు. వచ్చే ఆదివారం మళ్ళీ మొత్తం విని ఐదోదాన్ని ఆరుకు దించి, ఆరోదాన్ని ఐదుకు ఎక్కించేవాడు. ఏది ఎటు మారినా నిమ్మకాయ మొదటిది, మెట్లు ఎనిమిదోది. మెట్లు ఆ నలుగురూ పేరు లేని కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు చేసిన మొదటి రికార్డట. అట్ట మీద ఒక పాతింటి మెట్ల మీద ఆకలి మొహాలు వేసుకుని కూర్చుని ఉంటారు. నిమ్మకాయ పేరొచ్చాక చేసింది. ఒక పక్కంతా ఒకే పాట. అందులో వయొలిన్లు, గంటలు, వాన చప్పుడు, కుక్క అరుపు, లేనిదంటూ లేదు.

నేను బి.ఏ. ముగించి ఉద్యోగం లేక పేపర్లో ఖాళీలు వెతుక్కుంటూ కూర్చున్నవాణ్ణి. మగ్గం మోత, గంజి వాసన తప్ప వేరే ఎరగని ఆ ఇంట్లో ఈయన మాటలు నాకు మద్రాసు గాలిలాగా తగిలాయి. నేనూ ఒక నోటు పుస్తకం కుట్టుకున్నాను. నా వరస కూడా ఆయన వరసే, రెండు మాత్రం మార్చి రాసేవాణ్ణి. వాదించి నన్ను ఓడించే సుఖం ఆయనకు దక్కాలి కదా. అంత నీచానికి దిగాను.

మా నాయన ఆదిమూలం తిన్నె వెనక గదిలోనే, గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ ఉండేవాడు. ఆదివారమైనా ఆపేవాడు కాదు.

"ఏం మామా, పాట ఎట్లుండాది?" అని బావ కేకేసి అడిగాడు ఒకరోజు.

"పనికి అడ్డం రాలేదులే అల్లుడా" అన్నాడు నాయన, అడ్డపోగు తోసే నాడె ఆపకుండానే.

బావ నాకు కన్ను గీటాడు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించాలనిపిస్తుంది.

వరస కట్టే పిచ్చి రికార్డులతో ఆగలేదు. మా అమ్మ చేసే కూరలకు వరస. వీధిలో ఆడవాళ్ళ ముగ్గులకు వరస. కొండకు కావళ్ళు మోసుకుంటూ పోయే భక్తుల్లో ఎవరు బాగా ఊగారని వరస. ఒకరోజు మా అక్క పప్పు రుబ్బుతూ, "నన్ను చూసేదానికి వచ్చినప్పుడు గూడా నోటు పుస్తకం తెచ్చింటాడురా. ఎన్నోదాన్నో నేనడగలేదు" అంది. నవ్వుతూనే అంది. రోట్లో పొత్రం మాత్రం ఆ తర్వాత చాలాసేపు గట్టిగా తిరిగింది.

మా ఊళ్ళో కట్ట కట్టే తీరు ఒకటుంది. ఒక పడుగుకు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలుకు, ఎనిమిది చీరలు దిగుతాయి. కొత్త పడుగు ఎక్కించాక మొదట దిగే చీర ఎంత పనివాడిదైనా కొంచెం వంకరే. పోగుల బిగువు కుదురుకునేదాకా అంచు అటూ ఇటూ పోతుంది. ఆ చీరను కట్టకు అన్నిటికంటే పైన పెడతారు. తప్పున్న చోట ఒక ఎర్ర దారం ముడి వేస్తారు. దాని కింద దానికంటే మంచిది, ఇంకా కింద ఇంకా మంచిది. అన్నిట్లోకీ మేలైనది అట్టడుగున. తీసుకునేవాడు తప్పు ముందు చూడాలి, చూసి మనసైతే కిందికి పోవాలి. బావకు ముందు రకం కట్టిన పాత సార్టరు కట్ట చేతికి రాగానే తిరగేసి అడుగు నుంచి ఒక్కో చీరా విప్పి చూసేవాడు. "మంచిది పైనబెట్టేవోడు కుళ్ళిన టమేటా అమ్మేవోడు. మనం గాదు" అనేవాడు మా నాయన. ఈ పద్ధతి ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పరు. నడక వచ్చినట్టు వస్తుంది. మగ్గం దిగిపోయిన ఇంట్లో పుట్టినవాడికి రాదు.

ఆడి పోయి ఆవణి నెల ఆఖర్లో నాయన ఆ యేటి మొదటి కట్ట ఇచ్చి వచ్చాడు. చీటీ మీద నాలుగు.

ముప్పై యేళ్ళ నేతలో నాయనకు ఎన్నడూ రెండు దాటింది లేదు. ఆ మధ్యాహ్నం బావ అన్నానికి కూర్చుంటే అక్క సాంబారు గరిటె పట్టుకుని అట్లే నిలబడింది.

"మా నాయన చీర నాలుగో రకమా?"

"చూసిందే రాసినా" అన్నాడు బావ. "చేతిలోకి తీస్తానే అంచు వంకర. ఈడ తప్పుండాదని ఎర్ర దారం గూడా కట్టుండాది. మామే ఒప్పుకున్నంక నేనేం చేసేది? ఇంటల్లుడని ఒకటి యేస్తే ఊరు నా మొగాన ఊస్తాది."

"అల్లుడి పని అల్లుడు చేసినాడు. నువ్వు పొయ్యమ్మా" అన్నాడు నాయన.

అక్క పోసింది. బావ ఒక ముద్ద తిని, తల ఊపి, "మొన్నటి సాంబారే మొదటిది. ఇది మూడు" అన్నాడు.

మరుసటి నెల పురట్టాసిలో రెండో కట్ట. మళ్ళీ నాలుగు. సొసైటీ రూలు ప్రకారం వరసగా మూడుసార్లు నాలుగో రకం పడితే ఆ మగ్గానికి నూలు ఆపేస్తారు, మరుసటి ఆడి దాకా. నూలు లేని నేతగాడు రోడ్డు పనికో, తిరుత్తణి మెట్ల కింద కొబ్బరికాయలు అమ్మడానికో పోవాలి. నేను నాయనను వెనక పెరట్లో పట్టుకుని, బావతో ఒక మాట చెప్పు అన్నాను.

"ఏమని చెప్పేది?"

"చీరలు బాగుండాయి, సరిగ్గా చూడు అని."

"నా కూతురి మొగుడితో ఆ మాట చెప్తే అది సిపార్సు అయితాది. ఆయప్ప ఒకటి రాసినా అది నా చీరకు రాసింది గాదు, నా కూతురికి రాసింది. నాకొద్దు" అన్నాడు నాయన.

ఆ ఆదివారం కూడా నేను పోయి బావ పక్కన చాప మీద కూర్చున్నాను. గద్ద ఐదో స్థానానికి తగునా కాదా అని గంటసేపు వాదించాను.

ఆ పై నెల అయిప్పసి పుట్టాక ఒక ఆదివారం పట్టాభిరామ్ నుంచి బావ స్నేహితులు ముగ్గురు రైల్లో తిరుత్తణికి వచ్చి, అక్కడి నుంచి బస్సులో మా ఊరొచ్చారు. వాళ్ళలో శివరామయ్య అనేవాడు పెద్ద. ఇంట్లో కూడా నల్లద్దాలు తీయడు. కోడి కోయించారు. తిన్నారు. మా అమ్మ ఎంగిలాకులు ఎత్తుతుండగానే ప్లేయరు పెట్టి వరస మొదలుపెట్టారు. నిమ్మకాయ గొప్పా అద్దం గొప్పా అని శివరామయ్యకూ బావకూ మాట పెరిగింది. పెళ్ళాన్ని తిట్టినా అంత కోపం రాదు ఆ మనుషులకు.

"సరి, మూడో మనిషినడుగుదాం" అన్నాడు శివరామయ్య నవ్వి. "మీ మామ మూడు నెల్లుగా ఇదే వింటావుండాడు గదా. ఆయన్నే వరస పెట్టమను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బావ తలుపులోకి వంగి, "మామా, ఒక్క నిమిషం రా. ఈ ఎనిమిదిట్నీ వరసబెట్టు. సుమ్మా, తమాషాకి" అన్నాడు.

నాయన గుంటలోంచి లేచి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. తమాషా అన్న సంగతి ఆయనకు పట్టలేదు. పని చెప్పారు, చేస్తున్నాడు. ఒక్కో రికార్డునూ అట్టతో సహా రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు పట్టుకున్నాడు. ముందుగా మెట్లు తీసి చాప మీద పెట్టాడు. దాని మీద నీలం. గేటు, గద్ద దగ్గర ఆగి, ఒకటి పెట్టి, తీసి, రెండోది పెట్టాడు. అట్లా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయి అన్నిటికంటే పైన నిమ్మకాయ పెట్టాడు. అంచులు నాలుగు వైపులా అరచేత్తో సర్దాడు.

బావ మొహం వెలిగిపోయింది.

"చూసినావా శివరామయ్యా, నిమ్మకాయ ఒకటి" అని నోటు పుస్తకం తెరిచి, పై నుంచి ఒక్కో అట్టా తీస్తూ సరిచూశాడు. "అద్దం రెండు. కరెక్టు. గొడుగు మూడు. కరెక్టు. మెట్లను అడుక్కి తొక్కేసినాడు చూడు. ఎనిమిదిట్లో ఆరు నాతో కలిసినాయి. మామకు టేస్టుండాది అబ్బా."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా నాయన బావ వైపు చూస్తూ ఉండిపోయాడు. చిన్నపిల్లవాడు పడిపోతే దెబ్బ ఎక్కడ తగిలిందో అని చూసే చూపు అది.

"అల్లుడా, నువ్వు పై నించీనా చూసేది?"

"ఇంకెట్ల చూస్తారు మామా?"

"సరి" అన్నాడు నాయన. లేచి లోపలికి పోయాడు.

నేనూ లోపలికి పోయాను. నాయన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు కానీ నాడె చేతికి తీసుకోలేదు.

"మెట్లు అడుగున పెట్టినావు" అన్నాను.

"మంచిది గాబట్టి. ఆ నలుగురూ ఒకే రూములో కూసోని వాయించినారు దాంట్లో. ఒకడు తప్పుతాడు. పక్కనోడు ఊరికే వుండకుండా వాణ్ణి సర్దుకోని తీస్కపోతాడు. తప్పు తెలస్తాది, తెలిసినా బాగుంటాది."

"నిమ్మకాయ?"

"దాంట్లో పోగు తెగిన కాడంతా గంజి పూసి దాచినారు. ఈడ తెగింది, ఆడ తెగిందని నాకు ఇనబడతానే వుండాది. పైకి మెరుస్తాది. ఉతికితే తెలస్తాది."

"నాయనా, బావ మన కట్టలో పై చీర ఒక్కటే చూస్తావుండాడు. ఇప్పుడన్నా పోయి చెప్దాం."

"నువ్వు చెప్పొద్దు" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎనిమిది చీరలు ఇస్తే ఎనిమిదీ విప్పి చూసేది ఆయప్ప పని. నా గుడ్డకు నేను సాక్షి పోవల్నా?"

బయట నిమ్మకాయలో కుక్క అరిచింది. వాళ్ళు మళ్ళీ పెట్టుకున్నారు.

నేను వీధి చివర తంగమ్మ ఇంటికి పోయాను. తంగమ్మది మాకంటే నాసిరకం నేత. ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ ఆ సీజనులో ఆమెకు వరసగా ఒకట్లు పడ్డాయి. ఆమె కండెలు చుడుతూ కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే, "ఇన్నాళ్ళకు తెలిసిందా నీ చదువుకు" అంది.

"నీకెప్పుడు తెలుసు అక్కా?"

"మీ బావ వచ్చిన రెండో వారమే. పైకి పెట్టేదానికి ఒక్క చీర కండ్లు తెరుచుకోని నేస్తా. మిగతా ఏడూ నిద్దరపోతా నేస్తా. ఊరంతా అంతే. అందురూ కట్ట తిప్పేసినారు."

"మా నాయనకు ఎందుకు చెప్పలేదు?"

"అల్లుడి చెవినబడితే మా గతేంది?" ఆమె కండె తెంపి బుట్టలో వేసింది. "చెప్పినా మీ నాయన తిప్పడు అబ్బోడా. తిప్పేది నీ మాదిరి వాడే."

ఆ మాటకు నేను కోపం తెచ్చుకుని ఉండాల్సింది. ఇంటికి నడుస్తూ, ఎట్లా తిప్పాలా అని లెక్క వేసుకుంటూ వచ్చాను.

దీపావళికి పది రోజుల ముందు మూడో కట్ట సిద్ధమైంది. ఆ యేడు నాయన నేసిన వాటిలో అదే మేలు. మామిడిపిందె రంగు ఒళ్ళు, కుంకుమ అంచు. అట్టడుగు చీర చేతిలో వేసుకుంటే నీళ్ళు పోసినట్టు జారేది. మొదటి చీర అంచులో జానెడు మేర వంకర. నాయన దానికి ఎర్ర దారం కట్టి, అన్నిటి మీదా పెట్టి, కట్ట కట్టాడు.

"సైకిల్లో తీసుకోనిపోతా, నువ్వు మెల్లగా రా" అన్నాను. నాయన తల ఊపాడు. నన్ను నమ్మాడు అని రాయాలంటే చెయ్యి రావడం లేదు.

కాలవ వంతెన దాటాక సైకిలు దిగి, తాడు విప్పి, కట్టను బోర్లా తిప్పి మళ్ళీ కట్టాను. పావు నిమిషం పని. ఎవరూ చూడలేదు. ఒక ఎద్దు చూసింది.

సొసైటీలో పదిమంది వరసలో ఉన్నారు. తంగమ్మ నా వెనకే నిలబడింది. బావ బల్ల దగ్గర కూర్చుని, పక్కన నూలు తూకం వేసే చెంగయ్యతో వేరే ఏదో మాట్లాడుతున్నాడు. కట్ట విప్పి పై చీర ఎత్తాడు. చేతిలోంచి జారబోతే పట్టుకున్నాడు.

"అబ్బ" అన్నాడు. చీరను వరసలో ఉన్నవాళ్ళకు చూపించాడు. "చూడండి, పనంటే ఇదీ. మా మామ దారికొచ్చినాడు."

మిగతా ఏడింటి మీద వేలు కూడా పెట్టలేదు. చీటీ మీద ఒకటి రాశాడు. రాస్తూ, "రెండుసార్లు గట్టిగా వేసినా గదా, దాని ఫలితం" అన్నాడు నాతో. నేను "అవును బావా" అన్నాను. తంగమ్మ దగ్గింది.

నాయన వచ్చేసరికి చెంగయ్య నూలు తూచి పెట్టాడు. "ఒకటేసినారు ఆదిమూలం అన్నా" అన్నాడు సంతోషంగా. నాయన చీటీ చూడలేదు. గోడవారగా పడి ఉన్న మా కట్ట దగ్గరికి పోయి ముట్టుకోకుండా నిలబడి చూశాడు. అడుగున మడతలోంచి ఎర్ర దారం కొస బయటికి కనబడుతోంది. అప్పుడు నా వైపు చూశాడు. నేను సైకిలు గంట వైపు చూశాను.

"అల్లుడా, అన్నీ చూసినావా?"

"చూసినా మామా. ఎనిమిదీ ముత్యాలే."

"సరి" అన్నాడు నాయన.

నూలు మూట సైకిలు మీద పెట్టనీయలేదు. నెత్తిన పెట్టుకుని నడిచాడు. ఇంటికొచ్చి దాన్ని నా ముందర దించాడు.

"ఇది నీకొచ్చిన నూలు. నువ్వే నెయ్యి."

"వాడెట్ల నేస్తాడు?" అంది అమ్మ. "చిన్నప్పుడు కండెలు చుట్టినాడు, అంతే గదా."

"తిప్పేది తెలిసినోడు నేసేది నేర్చుకుంటాడు."

అమ్మకు అంతా అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, "నీ చదువు మాకు మంచి గతే పట్టించిందిరా" అని లోపలికి పోయింది.

మరునాటి నుంచి నాయన తంగమ్మ ఇంట్లో రెండో మగ్గం మీద కూలికి నేశాడు. "అన్నా, ఆ చీరలు నా పేరుతో పోతాయే" అని ఆమె సిగ్గుపడితే, "పోనీలే, పేరెవురిదైనా పోగు పోగే" అన్నాడట. దీపావళికి మా ఇంట్లో నూనె చట్టి పొయ్యెక్కింది, దించారు. ఎవరూ ఏమీ తిన్న గుర్తు లేదు. బావ మాత్రం పలహారాలకు వరస పెట్టాడు.

నేను గుంటలో దిగాను. పోగు తెగని రోజు లేదు. నాడె తొడ మీద గుచ్చుకునేది. నేసిన మూరెడూ సాయంత్రం విప్పేవాణ్ణి. నడుం విరిగి పడుకుంటే, ముప్పై యేళ్ళు ఆ గుంటలో కూర్చుని, పాటలో తెగిన పోగు కూడా వినగలిగిన మనిషి చెవులు గుర్తొచ్చి సిగ్గేసేది.

కార్తీక దీపం అయిన వారానికి బావకు మద్రాసు నుంచి ఒక ఇంగ్లీషు పత్రిక వచ్చింది. అందులో ఎవరో పెద్ద విమర్శకుడు ఆ బ్యాండు రికార్డులకు వరస రాశాడు. మెట్లు మొదటిది. నలుగురూ ఒక్క గదిలో కూర్చుని, తప్పులతో సహా వాయించిన నిజాయితీ ఇంకే రికార్డులోనూ లేదట. నిమ్మకాయ ఎనిమిదోది. అతుకుల బొంత అట. బావ తిన్నె మీద కూర్చుని రెండుసార్లు చదివాడు. తర్వాత నోటు పుస్తకంలో పాత పేజీ చించేసి, కొత్తగా మెట్లు ఒకటి అని రాసుకున్నాడు. ఆ ఆదివారం శివరామయ్య వస్తే, "నేను మొదట్నించీ మెట్లే అంటావుండ్లా?" అన్నాడు.

శివరామయ్య నల్లద్దాలు సవరించుకుని, "నేనూ అంతే గదా" అన్నాడు.

"పాపం మా మామే నిమ్మకాయను నెత్తిన పెట్టినాడు. నువ్వు జూసినావు గదా. మెట్లను తీస్కపోయి అడుగునేసినాడు. నేతగాళ్ళకేం తెలస్తాది ఇయ్యన్నీ. కదా బామ్మర్దీ?"

నేను గుంటలో కూర్చుని ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. మా అక్క కాఫీ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడి నా వైపు చూసింది. చెప్పరా అన్నట్టు చూసింది. చెబితే కట్ట తిప్పిన సంగతి కూడా చెప్పాలి. తెగిన పోగు వెతుకుతున్నట్టు పడుగు మీదికి వంగాను. అక్క గ్లాసులు వాళ్ళ ముందర ఠక్కున పెట్టింది, సగం ఒలికింది.

మార్గళి సగమయ్యేసరికి నావి ఎనిమిది చీరలు దిగాయి. ఏడు చూస్తే వాంతి వచ్చేట్టున్నాయి. అంచులు పాము పోయినట్టు పోయాయి. ఎనిమిదోది, నా బాధ చూడలేక, నేను భోంచేసే వేళల్లో అమ్మ కూర్చుని నేసింది. ఆ ఒక్కటీ చీరలా ఉంది. ఏది పైన పెట్టాలో నాకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఎర్ర దారం కట్టాలంటే ఒక ఉండ పట్టేది, అందుకని అసలు కట్టలేదు.

బావ పై చీర ఎత్తాడు, వేళ్ళతో రాశాడు, తల ఊపాడు. "నాలుగు నెల్లు నా పక్కన కూసున్నది ఊరికే పోలేదు" అని ఒకటి రాశాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చీటీ చొక్కా జేబులో పెట్టుకుని, నూలు కూడా తీసుకోకుండా సైకిలెక్కి ఆగకుండా తొక్కాను.

నాయన అప్పుడే తంగమ్మ ఇంటి నుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆ రెండు నెలల్లో నాతో ఆయన మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తలెత్తకుండానే అడిగాడు.

"ఎంతేసినాడు?"

"నాలుగు" అన్నాను.

నాయన చెంబు కింద పెట్టాడు. మొహంలో ఏదో సడలింది.

"పరవాలేదే. చూపు వచ్చినట్టుండాది అల్లుడికి" అన్నాడు. ఇంకో చెంబు ముంచి మడమల మీద పోసుకున్నాడు. "రేపు పొద్దున్నే కూసో. పేక పోగు యాడ పోతావుండాదో నేను పక్కనుండి చూస్తా."

సరే నాయనా అన్నాను. అంత చలిలోనూ చెమటకు తడిసి, జేబులో ఆ చీటీ రొమ్ముకు అంటుకుని ఉంది.